కారు కింద డబ్బాను ఖాళీ చేయించకండి

కారు పికప్ తగ్గిందని షెడ్డుకు తీసుకెళ్తారు. మెకానిక్ కింద పడుకుని చూసి, "సైలెన్సర్‌లో మట్టి పేరుకుంది సార్. గంట టైమిస్తే ఖాళీ చేసేస్తా. బండి పరుగెడుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది" అంటాడు. ఈ మాటకు ఎట్టి పరిస్థితుల్లోనూ తల ఊపకండి. అక్కడ పేరుకున్నది మట్టి కాదు. అది కారు తయారైనప్పుడే అమర్చిన క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజిన్ నుంచి వచ్చే విషవాయువులను బయటి గాలిలో కలవకముందే విడగొట్టే భాగం కారు మొత్తంలో అదొక్కటే.

బ్రేకులు పోతే మరుక్షణం తెలుస్తుంది. కన్వర్టర్ పోతే తెలియదు. కారు నడుస్తుంది, ఏసీ పనిచేస్తుంది, పాటలు వినిపిస్తాయి. అందుకే దీన్ని తీసేయడం అంత తేలిగ్గా జరిగిపోతోంది. డబ్బాలోని, విలువైన లోహాలున్న పొడికి గిరాకీ పెరిగాక పరిస్థితి ఇంకా విషమించింది. కొందరు యజమానికి చెప్పి తీస్తున్నారు, కొందరు చెప్పకుండా తీస్తున్నారు, దొంగలు రాత్రికి రాత్రే తీసుకుపోతున్నారు. ఈ మూడింటికీ తలుపులు మూసే బాధ్యత కారున్న ప్రతి ఒక్కరిదీ.

లోపల ఏముంది, ఏం చేస్తుంది

పెట్రోలు పూర్తిగా కాలితే మిగలాల్సింది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. కానీ సిలిండర్‌లో మంటకు దొరికే వ్యవధి సెకనులో వందో వంతు కూడా ఉండదు. అంత తక్కువ సమయంలో ఇంధనం మొత్తం కాలదు. సగం కాలిన కార్బన్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అసలు కాలని పెట్రోలు హైడ్రోకార్బన్లుగా బయటికి వస్తుంది. మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. ఈ మూడింటి పని పట్టడమే కన్వర్టర్ పని.

బయటికి కనిపించేది స్టీలు డబ్బా. దాన్ని నిలువునా కోసి చూస్తే లోపల తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. చదరపు అంగుళంలో 400, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ సన్నని గొట్టాలు ఈ చివర నుంచి ఆ చివరకు బారులు తీరి ఉంటాయి. వాటి గోడల మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. ఆ గోడలకు అల్యూమినా పూత వేస్తారు. ఈ అల్యూమినా ఎంత గరుకుగా ఉంటుందంటే, ఒక్క గ్రాము పూతలోని ఉపరితలం పరిస్తే 100 చదరపు మీటర్లకు పైనే వస్తుంది. ఆ గరుకుతనంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం కణాలను వెదజల్లి అతికిస్తారు. మూడూ కలిపినా బరువు కొద్ది గ్రాములే.

పొగ ఆ గొట్టాల్లోంచి పోతూ ఈ లోహాలను తాకుతుంది. ప్లాటినం, పల్లాడియం సమక్షంలో కార్బన్ మోనాక్సైడ్ మరో ఆక్సిజన్ పరమాణువును అందుకుని కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కాలని పెట్రోలు కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారుతుంది. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టి, మనం రోజూ పీల్చే మామూలు నైట్రోజన్‌గా వదిలేస్తుంది. బాగా వేడెక్కిన మంచి కన్వర్టర్ ఈ మూడు విషాల్లో తొంభై శాతానికి పైగా లేకుండా చేస్తుంది. ఇంత పని చేసినా ఆ లోహాలు ఖర్చు కావు.

కానీ దీనికి రెండు షరతులున్నాయి. ఒకటి వేడి: సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. అందుకే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో విషం ఎక్కువగా వస్తుంది. రెండోది గాలి, పెట్రోలు పాళ్లు: బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి ఉండాలి. ఈ లెక్క తప్పకుండా చూసేది కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్. వెనకున్న సెన్సార్ కన్వర్టర్ తన పని చేస్తోందో లేదో కారులోని కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది.

ఇది మన కార్లలోకి ఊరికే రాలేదు. అమెరికాలో 1975 మోడల్ కార్లతో వాడకం పెద్దఎత్తున మొదలైంది. పెట్రోలులో కలిపే సీసం ఈ లోహాలను కప్పేసి చంపేస్తుంది కాబట్టి, కన్వర్టర్ రావాలంటే ముందు సీసం పోవాల్సి వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 1991లో తొలిసారి నిబంధనలు పెట్టినప్పుడు పెట్రోలు కారు కిలోమీటరుకు 14.3 నుంచి 27.1 గ్రాముల దాకా కార్బన్ మోనాక్సైడ్ వదలొచ్చన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ఉద్గార ప్రమాణాల ప్రకారం ఆ హద్దు 1 గ్రాము. ఇంజిన్లు మెరుగుపడ్డాయి, ఇంధనం శుభ్రపడింది, నిజమే. కానీ ఆ చివరి మెట్టు దిగడం కన్వర్టర్ లేకుండా సాధ్యం కాదు. దేశం ముప్పై ఏళ్లు కష్టపడి సాధించిన దాన్ని ఒక ఇనుప చువ్వతో గంటలో పోగొట్టుకుంటున్నాం.

ఖాళీ చేస్తే జరిగేది ఇది

పద్ధతి చాలా మోటైనది. గొట్టాలు కలిసే చోట, అంటే ఫ్లాంజ్ దగ్గర, బోల్టులు విప్పి డబ్బాను కిందికి దించుతారు. చువ్వ లోపలికి దూర్చి సుత్తితో కొడతారు. సిరామిక్ దిమ్మ పటపటా విరుగుతుంది. డబ్బాను తలకిందులు చేసి దులిపితే బూడిద రంగు ముక్కలు, పొడి గోనెసంచిలో పడతాయి. ఖాళీ డబ్బాను మళ్లీ బిగిస్తారు. బయటి నుంచి చూస్తే ఏమీ తేడా తెలియదు. గోనెసంచి షెడ్డులోనే ఉండిపోతుంది. అందులోది కిలోల లెక్కన అమ్ముడుపోయే సరుకన్న సంగతి బండి యజమానికి ఎవరూ చెప్పరు.

మైలేజీ పెరుగుతుందన్నది అపోహ. బాగున్న కన్వర్టర్ పొగకు పెట్టే అడ్డు చాలా స్వల్పం. ఖాళీ చేయించాక పికప్ వచ్చిందని ఎవరైనా చెబితే, అంతకుముందు వారి కన్వర్టర్ కరిగిపోయో మూసుకుపోయో ఉందని అర్థం. అది ఎందుకు మూసుకుపోయిందో కనుక్కోకుండా వదిలేస్తే అసలు జబ్బు ఇంజిన్‌లో అలాగే మిగిలిపోతుంది.

ఖాళీ డబ్బా బిగించిన కొద్ది రోజులకే వెనక సెన్సార్ సంగతి పసిగడుతుంది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అప్పుడు మళ్లీ అదే షెడ్డులో సెన్సార్‌కు గొట్టంలాంటి ముక్క తొడిగో, కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చో లైటు ఆర్పేస్తారు. లేదంటే "ఆ లైటు పట్టించుకోకండి" అంటారు. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. ఆ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే, రేపు ఇంజిన్‌లో నిజంగా మరో లోపం వచ్చినా మీకు తెలియదు.

ఇక ఆ విషం ఎక్కడికి పోతుంది? సిగ్నల్ దగ్గర మీ వెనక ఆగిన ఆటో డ్రైవరు ముఖానికి, చౌరస్తాలో ఎనిమిది గంటలు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఊపిరితిత్తుల్లోకి, బడి గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలిపిన కార్ల మధ్య నుంచి నడిచే పిల్లల్లోకి. నైట్రోజన్ ఆక్సైడ్లు ఊపిరి గొట్టాలను మండించి ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి. హైడ్రోకార్బన్లతో కలిసి ఎండలో ఓజోన్‌గా మారి మళ్లీ ఊపిరితిత్తుల మీదే పడతాయి. ఆ ఓజోన్ తయారీకి కావలసిన ఎండ మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉంటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్, నల్గొండ, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడి గాలి మీద ఇంకో పిసరు భారం వేసే హక్కు ఎవరికీ లేదు.

కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ మత్తు తెలియదు. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వదిలేయడం, ఏసీ వేసుకుని కారులో నిద్రపోవడం కన్వర్టర్ బాగున్న కారులో కూడా ప్రాణాంతకం కావచ్చు. ఖాళీ చేసిన కారులో, బిగింపు సరిగా లేక ఫ్లాంజ్ దగ్గర పొగ లీకయ్యే కారులో అది మరింత త్వరగా చంపుతుంది. ప్రయాణంలో కారులో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే అద్దాలు దించండి, బండి ఆపి బయటికి రండి. ఎవరైనా తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.

దొంగలు ఎందుకు వస్తున్నారు

2021లో రోడియం ధర ఔన్సు 25,000 డాలర్లు దాటింది. అదే ఏడాది ఔన్సు బంగారం 2,000 డాలర్ల లోపే ఉంది. ఆ తర్వాత ధర బాగా దిగివచ్చినా, కారు కింద డబ్బు ఉందన్న సంగతి దొంగలకు తెలిసిపోయింది. అమెరికాలో టయోటా ప్రియస్ యజమానులు పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే ఉరుములాంటి మోత వినిపించి గానీ దొంగతనం జరిగిందని తెలియని రోజులు వచ్చాయి. 2022 నవంబరులో అక్కడి న్యాయశాఖ పలు రాష్ట్రాల్లో విస్తరించిన ఒక ముఠాను పట్టుకుని 54 కోట్ల డాలర్లకు పైగా సొత్తు జప్తుకు కేసు వేసింది.

మన దగ్గర ఎక్కువగా బలవుతున్నది మారుతి ఈకో వ్యాన్లు. గుజరాత్, మహారాష్ట్ర, ఢిల్లీల్లోనూ, మన హైదరాబాద్‌లోనూ ఈకో సైలెన్సర్ల దొంగతనాల మీద కేసులు నమోదయ్యాయి. ఆ బండి కిందికి దూరడం తేలిక, సైలెన్సర్ విప్పడం తేలిక. నాలుగు బోల్టులు తెలిసినవాడికి కొద్ది నిమిషాల పని. ఈ వ్యాన్ల మీద బతికేది ఎవరు? బడి పిల్లల్ని దింపేవాళ్లు, పాల ప్యాకెట్లు వేసేవాళ్లు, కూరగాయలు మార్కెట్‌కు చేర్చేవాళ్లు. వాళ్లకు కొత్త సైలెన్సర్ అంటే నెల సంపాదన.

కాబట్టి రాత్రిపూట బండిని వెలుతురులో, వీలైతే గోడకు ఆనించి, కెమెరా కనుచూపులో నిలపండి. కన్వర్టర్ డబ్బా మీద బండి నంబరు చెక్కించండి. చెక్కిన నంబరు ఉన్న సరుకు కొనడానికి పాత సామాను వ్యాపారి జంకుతాడు. రాత్రికి రాత్రే బండి మోత మారిపోతే ఆలస్యం చేయకుండా పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే ఈ నష్టానికి పరిహారం రాదు. సమగ్ర పాలసీ ఉంటే ఎఫ్‌ఐఆర్ కాపీతో క్లెయిమ్ చేయవచ్చో లేదో పాలసీ కాగితాల్లో చూసుకోండి. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ వెళ్లే ముందు, వచ్చాక డబ్బాను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బోల్టుల మీద కొత్త గీతలు, కొత్త వెల్డింగ్ కనిపిస్తే అక్కడికక్కడే నిలదీసి అడగండి.

కన్వర్టర్‌ను చంపేది ఇంజినే

కన్వర్టర్ తనంతట తాను చెడిపోవడం తక్కువ. సరిగా చూసుకుంటే కారు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. దాన్ని చంపే కారణాలన్నీ దాదాపు ఇంజిన్ వైపు నుంచే వస్తాయి.

మొదటిది మిస్సింగ్. ప్లగ్గో కాయిలో పనిచేయక ఒక సిలిండర్‌లో మంట పడకపోతే ఆ పెట్రోలంతా కాలకుండా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. వేడి వెయ్యి డిగ్రీలు దాటి పెరుగుతూ పోతే చివరికి సిరామిక్ కరిగి గొట్టాలు మూసుకుపోతాయి. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటూ వెలిగి ఆరుతోందంటే అర్థం ఇదే. అప్పుడు ఇంటిదాకా పోదామనుకోకండి, పక్కకు తీసి ఆపండి.

రెండోది ఇంజిన్ ఆయిల్ కాలడం. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందంటే ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింక్ ఆ లోహాల మీద పొరలా పేరుకుంటున్నాయన్నమాట. మూడోది కూలెంట్ సిలిండర్‌లోకి కారడం. నాలుగోది కిరోసిన్, సాల్వెంట్లు కలిపిన కల్తీ పెట్రోలు. ఐదోది బ్యాటరీ దిగిందని బండిని మళ్లీ మళ్లీ తోసి స్టార్ట్ చేయడం, మిస్సింగ్ కనుక్కోవడానికి ప్లగ్ వైరు పీకి ఇంజిన్ నడపడం. రెండు సందర్భాల్లోనూ కాలని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి పోతుంది.

పల్లె రోడ్ల మీద మరో ప్రమాదం ఉంది. నూర్పిడి కోసం రోడ్డు మీద పరచిన ఉలవ, కంది, మినుము కట్టె మీదుగా కారు పోతే అది కింద చుట్టుకుని, కాలుతున్న డబ్బాకు తగిలి అంటుకుంటుంది. అలాంటి చోట నెమ్మదిగా పక్కనుంచి పోండి. తప్పనిసరై మీదుగా పోతే కొద్ది దూరంలోనే ఆగి కిందికి వంగి చూడండి. దూరప్రయాణం చేసి వచ్చిన కారును ఎండుగడ్డి మీద నిలపకండి. పంటను రోడ్డు మీద ఆరబోయడమే మానితే ఇంకా మంచిది.

కన్వర్టర్ దెబ్బతిన్నదని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి: ఎత్తు ఎక్కేటప్పుడు, హైవే మీద బండి లాగకపోవడం, కుళ్లిన గుడ్డు వాసన, కాళ్ల కింద నేల విపరీతంగా వేడెక్కడం, చల్లని డబ్బాను రబ్బరు సుత్తితో తడితే లోపల గలగల చప్పుడు, స్కానర్ పెడితే పి0420 కోడ్.

అయితే ఆ కోడ్ ఒక్కదాన్నే చూసి కన్వర్టర్ మార్చకండి. సెన్సార్ ముందు చిన్న లీకు ఉన్నా అదే కోడ్ రావచ్చు. వెనక సెన్సార్ పాతబడినా రావచ్చు. ముందు లీకులు, మిస్సింగ్, సెన్సార్ల రీడింగులు చూడమనండి. మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే కన్వర్టర్‌కు ముందున్న సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టించండి. ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటితే అడ్డు ఉన్నట్టే. ఈ పరీక్ష చేయకుండా "ఖాళీ చేసేద్దాం" అనేవాడి దగ్గరి నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

మార్చాల్సి వస్తే సరైన పద్ధతి

మొదటి పని కొత్త కన్వర్టర్ కొనడం కాదు, పాతదాన్ని చంపిన కారణాన్ని సరిచేయడం. ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్లు, ఆయిల్ లీకు ఏదైనా సరే. అది చేయకపోతే కొత్త కన్వర్టర్ కూడా నెలల్లోనే పోతుంది.

రెండోది వారంటీ. మీ కారుకు ఉద్గారాల వారంటీ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని కిలోమీటర్లు ఉందో వారంటీ పుస్తకంలో చూడండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఫెడరల్ నిబంధనల ప్రకారం కన్వర్టర్‌కు 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అది, వారంటీ ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రం ఆమోదించిన కన్వర్టరే పెట్టాలి.

మూడోది భాగం ఎంపిక. అదే మోడల్, అదే ఇంజిన్, అదే బీఎస్ ప్రమాణానికి తయారైన కంపెనీ భాగం, లేదా దానికి ఆమోదం పొందిన భాగం మాత్రమే కొనండి. బజారులో నాలుగో వంతు ధరకు దొరికే డబ్బాలో లోహం కూడా నాలుగో వంతే ఉండవచ్చు. బిల్లు, పార్ట్ నంబరు తప్పకుండా తీసుకోండి.

ఇక బిగింపు. చాలా కొత్త కార్లలో కన్వర్టర్ ఇంజిన్‌కు ఆనుకుని మ్యానిఫోల్డ్‌తో కలిసే ఉంటుంది. అది ఇంట్లో చేసే పని కాదు. కారు కింద బోల్టులతో బిగించే రకమైతే జరగాల్సిన పని ఇలా ఉంటుంది. పక్కన నిలబడి గమనించండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రంతా ఆగితే మేలు, ఆ డబ్బా గంటల తరబడి చర్మం కాల్చేంత వేడిగా ఉంటుంది. చదునైన నేల మీద చక్రాలకు అడ్డుపెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి ఎవరూ దూరకూడదు. తుప్పు పట్టిన బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననివ్వాలి. సెన్సార్ల వైర్ల కనెక్టరు విప్పి, సెన్సార్ సాకెట్‌తో వాటిని తీయాలి. సైలెన్సర్ గొట్టం వేలాడకుండా కింద ఆధారం పెట్టి ఫ్లాంజ్ బోల్టులు విప్పాలి.

కొత్తదాన్ని పెట్టేటప్పుడు డబ్బా మీది బాణం గుర్తు పొగ పోయే దిక్కుకు, అంటే ఇంజిన్ నుంచి వెనక్కి, ఉండాలి. పాత ప్యాకింగులు, పాత నట్లు మళ్లీ వాడకూడదు. ముందు అన్ని బోల్టులూ చేతితో వదులుగా ఎక్కించి, గొట్టాలు వరసకు వచ్చాక, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. సెన్సార్ మరలకు మాత్రమే, అవి పట్టేయకుండా, యాంటీ సీజ్ పేస్టు పూయాలి, కొనకు తగలకూడదు. సిలికాన్ పేస్టుతో ఫ్లాంజ్ కీళ్లు అతికిస్తానంటే వద్దనండి. అది సెన్సార్‌ను పాడు చేయవచ్చు.

ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కకముందే కీళ్ల దగ్గర టుప్ టుప్ చప్పుడు, పొగ లీకు ఉన్నాయేమో చూడాలి. తర్వాత స్కానర్‌తో కోడ్లు చెరిపి, ఊళ్లో కొంత దూరం, హైవే మీద కొంత దూరం నడిపి మళ్లీ స్కాన్ చేయాలి. మొదటిసారి వేడెక్కినప్పుడు కాస్త వాసన రావడం సహజం. అది ఆగకపోతే మాత్రం వెనక్కి తీసుకెళ్లండి.

పాత కన్వర్టర్ మీది. దాన్ని అడిగి తీసుకోండి, లేదా దాని విలువ బిల్లులో తగ్గించమనండి. ఇంట్లో పగలగొట్టకండి. లోపలి పొడి, డబ్బాకూ దిమ్మకూ మధ్య చుట్టిన పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే హాని. షెడ్డుల్లో మాస్కు లేకుండా ఆ పొడిని దులిపే కుర్రాళ్లు ముందు తమ ఆరోగ్యాన్నే పోగొట్టుకుంటున్నారు. బిల్లు ఇచ్చి కొనే అధికారిక రీసైక్లింగ్ సంస్థకు లేదా డీలరుకు ఇస్తే ఆ లోహాలు మళ్లీ కొత్త కన్వర్టర్లలోకి చేరతాయి.

చట్టం ఉంది, పట్టింపు కావాలి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో చేర్చిన 182ఎ(4) ప్రకారం అలా మార్పించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య, శబ్ద ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190(2) కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. మోత కోసం బైకు సైలెన్సర్ మార్చే కుర్రాళ్లకూ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే నేటి చాలా బైకుల్లోనూ కన్వర్టర్ ఆ సైలెన్సర్‌లోనే ఉంటుంది. దొంగిలించిన సరుకని తెలిసీ కొన్న వ్యాపారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ఉంది.

చట్టాలు ఇన్ని ఉన్నా, కాలుష్య పరీక్ష కేంద్రాలు పనిచేసే తీరు మారకపోతే ఫలితం సున్నా. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. గొట్టం నిజంగా సైలెన్సర్‌లో దూర్చి పరీక్షిస్తే ఖాళీ డబ్బా ఉన్న కార్లలో అత్యధికం అక్కడే పట్టుబడతాయి. బండి రాకుండానే, గొట్టం పెట్టకుండానే సర్టిఫికెట్ చేతికొచ్చే చోటుకు మీరు వెళ్తే మీరు కొంటున్నది కాగితం మాత్రమే. పరీక్ష చేయకుండా ఇస్తే తీసుకోకండి, చేయమని అడగండి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు మూడు పనులు వెంటనే చేయాలి. పరీక్ష కేంద్రాలను ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేసి, దొంగ సర్టిఫికెట్లు ఇచ్చేవాటి లైసెన్సు రద్దు చేయాలి. ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చే ట్యాక్సీలు, బడి వ్యాన్లలో కన్వర్టర్ ఉందో లేదో స్కానర్‌తో చూడాలి. పాత సామాను వ్యాపారులు కన్వర్టర్ కొంటే అమ్మినవాడి గుర్తింపు, బండి నంబరు పుస్తకంలో రాయాలని పోలీసులతో కలిసి నిబంధన పెట్టాలి. మెకానిక్‌లను నేరస్తులుగా చూడాల్సిన పని లేదు. చాలామందికి ఆ డబ్బాలో ఏముందో ఎవరూ చెప్పలేదు. శిక్షణ ఇస్తే కన్వర్టర్‌ను కాపాడే మొదటి మనిషి మెకానిక్కే అవుతాడు.

డీజిల్ లారీలు, బస్సులు నడిపేవారికీ ఇదే మాట. పొగ వడపోసే ఫిల్టర్ తీసేయడం, యూరియా ద్రావణం పోయకుండా కంప్యూటర్‌ను మోసగించడం కూడా ఈ నేరం కిందికే వస్తాయి. ఆ పొగలోని మసి ఇంకా లోతుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

ఈ వారంలో నాలుగు పనులు చేయండి. ఒకసారి బండి కిందికి వంగి డబ్బాను చూడండి, ఫొటో తీసి పెట్టుకోండి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే స్కానర్ ఉన్న చోటుకు తీసుకెళ్లి కారణం రాతపూర్వకంగా అడగండి. గొట్టం పెట్టి చేసిన కాలుష్య పరీక్షకే డబ్బు కట్టండి. ఇప్పటికే ఖాళీ చేయించి ఉంటే, తప్పు తెలిసింది కాబట్టి వచ్చే సర్వీసులోనే కొత్త కన్వర్టర్ బిగించుకోండి. ఖర్చు బరువే. కానీ ఆ ఖర్చు మీరు పెట్టకపోతే, ఆ కారు వెనక నడిచేవాళ్లు తమ ఊపిరితిత్తులతో కడతారు.